మాట మీద రెండెకరాలు

పెళ్లి మాటల్లో పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకుని, "అమ్మాయికి పసుపు కుంకుమ కింద కాలవ పక్క రెండెకరాలు" అంటాడు. మగపెళ్లివారు తలలూపుతారు. తాంబూలాలు పుచ్చుకుంటారు. మర్నాటి నుంచి ఆ రెండెకరాలు ఎవరివి? ఆ గదిలో కూర్చున్నవాళ్లందరి లెక్కలోనూ అమ్మాయివి. చట్టం లెక్కలో మాత్రం ఇంకా తండ్రివే. ఈ తేడా చాలా ఏళ్లు ఎవరికీ పట్టదు. కౌలు డబ్బులు ఏటా అమ్మాయికే పంపుతుంటారు, అల్లుడు సంక్రాంతికి వచ్చి గట్టు మీద నిలబడి చూసి వెళ్తుంటాడు. తండ్రి పోయాక కొడుకులు భాగాలు పంచుకునేటప్పుడో, పొలం పక్క నుంచి బైపాస్ రోడ్డు పడుతోందన్న కబురు వచ్చినప్పుడో అది బయటపడుతుంది.

ఇంట్లోవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకునే మాటల్ని, మొగుడూ పెళ్లాల ఆస్తిని మన చట్టం ఎలా చూస్తూ వచ్చిందో ఒకచోట పెట్టి చూద్దామని ఈ ప్రయత్నం. సుమారు నూట యాభై ఏళ్ల తీర్పుల్లో నాకు కనబడిన పోకడ ఒకటుంది. ఇంట్లో ఇచ్చిన మాటను కోర్టు నిలబెట్టిన సందర్భాలు తక్కువ, అవి కూడా దాదాపు ఎవరి చేతిలోనైనా కాగితం ఉన్నప్పుడే. ఆడవాళ్లకు, ముసలివాళ్లకు నిజంగా మేలు జరిగింది వేరే దారిలో. ఒకరు దయతలచి ఇస్తానన్నదాన్ని "ఇది నీ దయ కాదు, వాళ్లకు రావలసిందే" అని చట్టం తిరగరాసినప్పుడల్లా జరిగింది. తిరగరాయని చోట పరిస్థితి ఇప్పటికీ పెళ్లి మాటల గదిలోలాగే ఉంది.

ముందు ఆ రెండెకరాల సంగతి చూద్దాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే దస్తావేజు రాయాలి, ఇచ్చేవారు సంతకం పెట్టాలి, ఇద్దరు సాక్షులుండాలి, రిజిస్ట్రేషన్ కావాలి. పసుపు కుంకుమ తరతరాల ఆచారం కాబట్టి ఈ లాంఛనాలు దానికి అక్కర్లేదని చాలాకాలం వాదనలు నడిచాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు. ఏ పేరు పెట్టి ఇచ్చినా అది దానమే, రిజిస్ట్రేషన్ తప్పదంది. కూతురికి ఇవ్వడం మీద చట్టానికి అభ్యంతరం ఏనాడూ లేదు. ఉమ్మడి ఆస్తిలోంచి కూడా తండ్రి కూతురికి తగుమాత్రం ఇవ్వొచ్చని మద్రాసు హైకోర్టు వందేళ్ల కిందటే చెప్పింది. 1911లో ఒక కేసులో రెండు వందల ఎకరాలున్న కుటుంబంలో కూతురికి పెళ్లి తర్వాత ఇచ్చిన ఎనిమిది ఎకరాలు చెల్లుతాయంది. నిశ్చయ తాంబూలాల నాడు కూతురికి మాటిచ్చి, పెళ్లయిన రెండేళ్లకు దస్తావేజు రాసిచ్చిన ఒక తల్లి చేసింది సబబేనని 1957లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తల్లి రాయించింది కాబట్టి సరిపోయింది. రాయించకపోతే కూతురికి మిగిలేది పన్నెండేళ్ల స్వాధీనం దారి. అందులోనూ చిక్కుంది. ఒకరి అనుమతితో దున్నుకోవడం వేరు, నాదే అని నలుగురికీ తెలిసేలా దున్నుకోవడం వేరు. కౌలు డబ్బులు అన్న చేతి మీదుగా పుచ్చుకున్న చెల్లెలు రెండోది రుజువు చేయడం కష్టం.

ఇదే నేల మీద ఇంకో ఇంటి కథ వేరుగా నడుస్తుంది. అదే చట్టం 129వ సెక్షన్ ముస్లింల దానాన్ని ఈ నిబంధనల నుంచి మినహాయించింది. ఇస్తున్నానని చెప్పాలి, పుచ్చుకునేవారు ఒప్పుకోవాలి, స్వాధీనం ఇవ్వాలి. ఈ మూడూ ఉంటే హిబా పూర్తయినట్టే. విశాఖపట్నం నుంచి వెళ్లిన ఒక కేసులో తండ్రి 1968లో కొడుకుకు కాగితం రాసిచ్చాడు, రిజిస్ట్రీ చేయించలేదు. కాగితమంటూ రాశాక రిజిస్ట్రేషన్ తప్పదని అవతలివాళ్ల వాదన. నోటిమాటతోనే పూర్తయ్యే దానాన్ని కాగితం మీద పెట్టినంత మాత్రాన అది చెల్లకుండా పోదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. వీధికి ఇటువైపు ఇంట్లో తండ్రి మాట ఆస్తిని కదిలించదు, అటువైపు ఇంట్లో స్వాధీనం తోడైతే కదిలిస్తుంది. ఏది మేలంటే చెప్పలేను. నోటి హిబా కేసుల్లో సాక్షుల మాట మీద నడిచే ఏళ్లకేళ్ల విచారణలు చూస్తే రిజిస్ట్రార్ ఆఫీసు క్యూ మంచిదనిపిస్తుంది. పసుపు కుంకుమ పోగొట్టుకున్న ఆడపడుచుల్ని చూస్తే ఆ మాట గొంతు దాటి రాదు.

డబ్బు ఇస్తానన్న మాటల సంగతి ఇంకో పాఠం. లా కాలేజీలో కాంట్రాక్టు చట్టం మొదలయ్యేదే 1919 నాటి బాల్ఫర్ కేసుతో. సిలోనులో ఉద్యోగం చేసే ఇంగ్లిషు దొర, వైద్యం కోసం ఇంగ్లండులో ఉండిపోయిన భార్యకు నెలకు ముప్పై పౌన్లు పంపుతానన్నాడు. తర్వాత మనసులు విరిగాయి, డబ్బు ఆగింది. కాపురం చేసుకుంటున్న భార్యాభర్తల మధ్య మాటలు కోర్టుకెక్కించే ఉద్దేశంతో ఇచ్చుకున్నవి కావని లార్డ్ అట్కిన్ తదితరులు ఆమెను వెనక్కి పంపారు. ఇంటి గడప దగ్గరే చట్టం చెప్పులు విడిచి ఆగిపోవాలన్నట్టు ఉంటుంది ఆ తీర్పు. అక్కడే 1970లో, విడిపోయాక కారులో కూర్చుని చీటీ మీద రాసిచ్చిన ఇంటి వాగ్దానాన్ని మాత్రం కోర్టు అమలు చేయించింది. ప్రేమగా ఉన్నప్పుడు ఇచ్చిన మాటకు విలువ లేదు, విడిపోయాక రాసిచ్చినదానికి ఉందన్నమాట.

మన 1872 కాంట్రాక్టు చట్టం తీరు ఇంచుమించు తలకిందులు. చట్టబద్ధ సంబంధం పెట్టుకునే ఉద్దేశం ఉండాలన్న మాట అందులో ఎక్కడా లేదు. పైగా 25వ సెక్షన్ ప్రతిఫలం లేని వాగ్దానాన్ని కూడా కొన్నిచోట్ల ఒప్పుకుంటుంది. దగ్గరి బంధువుల మధ్య, సహజమైన ప్రేమాభిమానాల వల్ల, రాతపూర్వకంగా, రిజిస్టరు చేసి ఇచ్చిన మాట చెల్లుతుంది. ఒక తండ్రి కొడుక్కి ప్రేమతో వెయ్యి రూపాయలిస్తానని రిజిస్టరు చేస్తే అది ఒప్పందమేనని చట్టంలోనే ఉదాహరణ ఉంది. తమ్ముడి అప్పు తీరుస్తానని అన్న రిజిస్టరు కాగితం రాసిచ్చిన కేసులో మద్రాసు హైకోర్టు 1903లో ఆ మాటను నిలబెట్టింది. దానికి కొద్ది ముందే, 1900లో, కలకత్తాలో ఇంకో కేసు వచ్చింది. నిత్యం గొడవపడే భర్త, భార్యకు వేరే ఇల్లు, మనోవర్తి ఇస్తానని రిజిస్టరు చేసిచ్చాడు. తర్వాత ఇవ్వలేదు. కాగితమంతా మీ గొడవలే రాసి ఉన్నాయి, ప్రేమాభిమానాలు ఎక్కడా కనబడటం లేదంటూ కోర్టు ఆమె దావా కొట్టేసింది. ఎంత విడ్డూరమో చూడండి. ప్రేమ ఉన్న ఇంట్లో ఎవరూ రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లి నెలవారీ ఖర్చు రాయించుకోరు. ప్రేమ లేని ఇంట్లో రాయించుకుంటే, ప్రేమ లేదు కాబట్టి చెల్లదంటారు.

మూడో మనిషికి ఇచ్చిన మాట సంగతిలో మన కోర్టులు ఉదారంగానే నడిచాయి. ఒక తల్లి కూతురికి ఆస్తి దానంగా రాసి, తన తోడబుట్టినవాళ్లకు ఏటా 653 రూపాయలు ఇవ్వాలని షరతు పెట్టింది. కూతురు అదే రోజు ఆ మేరకు వాళ్లకు కాగితం రాసిచ్చి, తర్వాత ఎగ్గొట్టింది. వాళ్లు నాకేమీ ఇవ్వలేదుగా అని వాదించింది. ఇచ్చింది మీ అమ్మ, అది చాలని 1882లో మద్రాసు హైకోర్టు అంది. చిన్నయ్య వర్సెస్ రామయ్య పేరుతో ఈ కేసు ఇవాళ్టికీ ప్రతి లా విద్యార్థికీ కంఠతా. 1910లో ప్రివీ కౌన్సిల్ ఒక మామగారి మాట అమలు చేయించింది. కోడలికి నెలకు ఐదు వందలు తాంబూలం ఖర్చుకిస్తానని పెళ్లికి ముందు పిల్ల తండ్రితో ఒప్పుకున్నాడాయన. ఆ పిల్ల ఒప్పందంలో లేదుగా అంటే, ఆమె కోసమేగా ఒప్పందం అన్నారు జడ్జీలు.

పెళ్లినాడు ఇచ్చిన మాటల్లో మన ప్రాంతానికే ప్రత్యేకమైనది ఇల్లరికం. కొడుకులు లేని ఇంటికి అల్లుణ్ని తెచ్చుకుని, వ్యవసాయం చూసుకుంటే ఆస్తిలో వాటా ఇస్తామని చెప్పడం. బళ్లారి, కర్నూలు ప్రాంతాల రెడ్ల ఇళ్లలోని ఈ ఆచారాన్ని మద్రాసు హైకోర్టు 1881లోనే గుర్తించింది. కమ్మవారి ఇళ్లలోనూ ఉందని తర్వాతి కేసుల్లో తేలింది. ఇల్లరికపుటల్లుడు దత్తుడిలా పుట్టింటి హక్కు పోగొట్టుకోడు, ఇక్కడ వాటాకు మాత్రం పెళ్లినాటి ఒప్పందమే ఆధారం. మరోవైపు కలకత్తాలో, పెళ్లయ్యాక అత్తగారింట్లోనే ఉంటానని వరుడు రాసిచ్చిన కాగితాన్ని 1901లో కోర్టు చెల్లదంది. భార్యను తన ఇంటికి రమ్మనే హక్కు భర్తది, దాన్ని కాగితంతో తీసేయలేరట. కర్నూలులో నిలబడ్డ మాట కలకత్తాలో పడిపోయింది. పెళ్లికి ముందు రాసుకునే ఒప్పందాలంటే మన కోర్టులకు ఉన్న ఆ పాత అనుమానం ఇంకా పోలేదు. 1956 వారసత్వ చట్టం వచ్చాక ఇల్లరికం ఆచారానికీ బలం తగ్గింది. ఇవాళ ఇల్లరికం వెళ్లేవాడు ఆచారాన్ని నమ్ముకోకుండా దస్తావేజో వీలునామానో అడగడమే మేలు. అందులోనూ వీలునామా రాసినవాడు బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. "నీ పేర వీలు రాశాను బాబూ" అన్న మాట విని పొలంలో బోరు వేయించినవాళ్లు చాలామందే ఉంటారు.

మాటలు బలవంతంగా పలికించినవైతే? 1889 నాటి మద్రాసు కేసులో పదమూడేళ్ల పిల్ల మొగుడు చనిపోయాడు. ఫలానా పిల్లవాణ్ని దత్తత తీసుకుంటే తప్ప శవాన్ని లేవనివ్వబోమని చుట్టాలు అడ్డుకున్నారు. ఆమె తీసుకుంది. కోర్టు ఆ దత్తతను రద్దు చేసింది. దీనికంటే నన్ను వదలకుండా పట్టుకున్నది 1917 నాటి చిక్కం అమ్మిరాజు కేసు. పెళ్లాం, కొడుకు తమదంటున్న ఆస్తిని తన అన్నదమ్ముడి పేర విడుదల చేసి రాయమని భర్త పట్టుబట్టాడు. రాయకపోతే ప్రాణం తీసుకుంటానన్నాడు. వాళ్లు సంతకాలు పెట్టారు. ఇది చట్టం చెప్పే బలవంతమా కాదా అన్న ప్రశ్న మీద ముగ్గురు జడ్జీలు రెండుగా చీలారు. చీఫ్ జస్టిస్ వాలిస్, శేషగిరి అయ్యర్ బలవంతమేనన్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించడం, ప్రేరేపించడం నేరాలు కాబట్టి ఆత్మహత్య కూడా చట్టం నిషేధించిన పనే అని వారి తర్కం. చనిపోయినవాణ్ని శిక్షించలేరు కనక అది నేరం కాదని ఓల్డ్‌ఫీల్డ్ విభేదించారు. 2023 న్యాయ సంహిత ఆత్మహత్యాయత్నాన్ని, ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి చేసింది తప్ప, నేరాల జాబితాలోంచి తీసేసింది. అమ్మిరాజు తీర్పు నిలబడ్డ కాళ్లలో ఒకటి లేదిప్పుడు. మొగుడు నూతి గట్టెక్కి నిలబడితే పెళ్లాం సంతకం పెట్టే ఇళ్లు మాత్రం ఉన్నాయి.

అన్నదమ్ముల పంపకాల దగ్గరకొస్తే కోర్టు చాలా మెత్తబడుతుంది. పెద్దమనుషుల సమక్షంలో నోటిమాటగా జరిగిన కుటుంబ పరిష్కారాన్ని గౌరవించాలని, అది ఇంటి శాంతికి అవసరమని, ఇప్పటికే జరిగిపోయినదాన్ని గుర్తుకు రాసుకున్న చీటీకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాగితమే హక్కుల్ని పుట్టిస్తుంటే మాత్రం రిజిస్టరు చేయాలి. "ఈ దినం పంచుకున్నాము" అని రాస్తే ఒకటి, "గతంలో పంచుకున్నట్లు" అని రాస్తే ఇంకొకటి. క్రియ కాలం మీద ఎకరాలు ఆధారపడతాయి. అందుకే తెలిసిన లేఖరి తెల్లకాగితం మీద పారీఖత్తు రాసేటప్పుడు ఎప్పుడూ భూతకాలంలోనే రాస్తాడు.

ఇక్కడిదాకా మాటల కథ. హక్కుల కథ నెల్లూరులో తులశమ్మతో మొదలైందని చెప్పుకోవచ్చు. ఆమె భర్త 1931లో పోయాడు, మరిది వరసైన శేషారెడ్డితో ఉమ్మడిలో ఉండగానే. ఉమ్మడి కుటుంబంలోని వితంతువుకు ఆనాడు మనోవర్తి తప్ప ఇంకేమీ లేదు. అదీ ఇవ్వకపోతే 1944లో నెల్లూరు జిల్లా మున్సిఫ్ కోర్టుకెళ్లింది. డిక్రీ వచ్చింది. దాన్ని అమలు చేయించుకునే దశలో 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఆమెకిచ్చారు. బతికున్నంతకాలం అనుభవించాలి, అమ్మడానికి వీల్లేదు. మన దస్తావేజుల భాషలో చెప్పాలంటే దాన విక్రయాది హక్కులు లేకుండా. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. అందులో 14వ సెక్షన్ మొదటి భాగం హిందూ స్త్రీ చేతిలో ఉన్న ఆస్తికి ఆమే పూర్తి యజమాని అంటుంది. రెండో భాగం, పరిమితులు పెట్టి ఇచ్చిన ఆస్తికి ఆ పరిమితులే వర్తిస్తాయంటుంది. ఆమె 1960లో కొంత భూమి కౌలుకిచ్చి, 1961లో కొంత అమ్మింది. శేషారెడ్డి దావా వేశాడు.

కింది కోర్టుల్లో తీర్పులు అటూ ఇటూ ఊగాయి. 1977 మార్చిలో సుప్రీంకోర్టులో భగవతి, గుప్తా, ఫజల్ అలీ ధర్మాసనం ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ఫజల్ అలీ రాసిన ఆ సుదీర్ఘమైన తీర్పులో కీలకమైన మెలిక చిన్నది. ఆ ఆస్తిని మరిది కొత్తగా దయతో ఇచ్చింది కాదు. పోషణ అన్నది వితంతువుకు అంతకుముందే ఉన్న హక్కు, ఆ హక్కు కిందే ఆస్తి చేతికొచ్చింది. కాబట్టి కాగితం మీద ఏ షరతు రాసినా 1956తో ఆ షరతు కరిగిపోయి ఆమె పూర్తి యజమానురాలైంది. కుటుంబం ఒప్పందమన్నదాన్ని కోర్టు బాకీ తీర్చడమంది. ఆ ఒక్క మాటతో దేశమంతా జీవితకాలపు హక్కుతో ఉన్న ఎందరో ఆడవాళ్ల పొలాలు వాళ్లవయ్యాయి. వాళ్ల తదనంతరం తమకొస్తుందని కాచుకున్నవాళ్లు కేసుల మీద కేసులు వేశారు, ఇంకా వేస్తున్నారు. 14వ సెక్షన్ రెండు భాగాల మధ్య గీత ఎక్కడ గీయాలన్నది తీర్పుల్లో పొంతన లేకుండా పోయిందని, పెద్ద ధర్మాసనం తేల్చాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల ధర్మాసనం నివేదించింది. నెల్లూరు రాజీ పత్రం వయసు డెబ్బై అయిదేళ్లు దాటింది, దాని అర్థం మీద వాదన ముగియలేదు.

కూతుళ్ల విషయంలో తిరగరాసే పని శాసనసభే చేసింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అమలైంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు. కేంద్రం ఆ పని చేయడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. మన సవరణలో ఒక ముల్లుంది. అమల్లోకొచ్చే నాటికి పెళ్లయిపోయిన కూతుళ్లకు అది వర్తించదు. ఒకే ఇంట్లో 1984లో పెళ్లయిన అక్కకు లేదు, 1986లో పెళ్లయిన చెల్లెలికి ఉంది. పెళ్లితో కూతురి లెక్క తీరిపోయిందన్న పాత నమ్మకం కొత్త చట్టంలోకి కూడా చొరబడింది. 2005 కేంద్ర సవరణ ఆ ముల్లు తీసేసింది. తండ్రి 2005 నాటికి బతికుండాలా అన్న గందరగోళాన్ని 2020 ఆగస్టులో వినీతా శర్మ తీర్పు అక్కర్లేదని ముగించింది. నోటిమాటగా ఎప్పుడో పంచేసుకున్నామన్న అన్నదమ్ముల వాదనను, గట్టి ప్రభుత్వ రికార్డు తోడుంటే తప్ప నమ్మొద్దంది. నోటి పంపకానికి కాలే తీర్పు ఇచ్చిన గౌరవాన్ని కూతుళ్ల వాటా దగ్గరకొచ్చేసరికి ఇది అంత వెనక్కి లాగింది. సరైన పనే చేసిందని నా అభిప్రాయం.

హక్కు వచ్చింది కాబట్టే దాన్ని వదిలించుకునే దస్తావేజుకు గిరాకీ పెరిగింది. ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు లేఖరి బల్ల దగ్గర ఓ మధ్యాహ్నం కూర్చున్నాను, నా పనేదో ఉండి. ఇద్దరు అన్నలు, ఒక వదిన, మధ్యలో యాభై దాటిన చెల్లెలు. ఆమె ఒళ్లో కొత్త చీర ప్యాకెట్టు, షాపు కవరు కూడా తీయలేదు. హక్కు విడుదల దస్తావేజు. లేఖరి చదువుతున్నాడు: "మీ యందు నాకు గల ప్రేమాభిమానముల చేత..." ఆమె వింటోందో లేదో తెలియలేదు, చీర అంచు ప్యాకెట్టు మీద నుంచే వేలితో నిమురుతోంది. "అమ్మా, డబ్బులేమైనా పుచ్చుకున్నారా? పుచ్చుకుంటే రాయాలి" అన్నాడు లేఖరి. పెద్దన్న అందుకుని, "పెళ్లప్పుడే అన్నీ పెట్టాంగా" అన్నాడు. కట్నమిచ్చినంత మాత్రాన వాటా తీరిపోదని చట్టం. తండ్రి బతికుండగా ఆయన స్వార్జితంలో తనకేమీ వద్దని కూతురు రాసినా, అది ఇంకా పుట్టని హక్కు, వదులుకోవడానికి వీల్లేదని ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్. డబ్బు పుచ్చుకుని రాస్తే మాత్రం మాట తప్పనివ్వకుండా కోర్టు పట్టుకోవచ్చు. అందుకే ఆ ప్రశ్న. ఇక్కడ తండ్రి లేడు, హక్కు పుట్టింది, కాబట్టి ఆ సంతకం చెల్లుతుంది. ఆమె ఎడమ బొటనవేలు నల్లగా చేసుకుని, చీరకు అంటకుండా చెయ్యి పక్కకు చాపి కూర్చుంది.

కట్నం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. కేంద్రం 1961లో నిషేధ చట్టం తేవడానికి ముందే ఆంధ్రప్రదేశ్ 1958లో సొంతంగా తెచ్చుకుంది. ఆ ముందుచూపు పెళ్లి మాటల గదిలో ఎంత పనిచేసిందో అందరికీ తెలుసు. కట్నమిస్తానన్న ఒప్పందం చెల్లదు, ఇచ్చిందంటూ ఉంటే మాత్రం అది పెళ్లికూతురిదే, వేరెవరు పుచ్చుకున్నా మూడు నెలల్లో ఆమెకు అప్పగించాలి. ఈ రెండో సంగతి తెలిసిన అత్తమామలు నాకు ఇంతవరకు తారసపడలేదు. స్త్రీధనం మీద భర్తకు హక్కు లేదని, అతని దగ్గరున్నా నమ్మి దాచమన్నట్టేనని, తిరిగివ్వకపోతే నమ్మకద్రోహం నేరమని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఎంత గట్టిగా ఆమెదంటే, తండ్రి కూడా ఆమె తరఫున తనంతట తాను అడగలేడు. విడాకులై, మళ్లీ పెళ్లి చేసుకుని అమెరికాలో ఉంటున్న కూతురి నలభై కాసుల బంగారం కోసం పాత వియ్యంకుల మీద తండ్రి పెట్టిన కేసును 2024లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తెలంగాణ నుంచి వెళ్లిన కేసది. అడగాల్సింది ఆమే, మీరు కాదంది.

ఇంత గట్టి హక్కు ఆమె పోయాక ఎటు పోతుందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. పెళ్లయిన కొద్ది నెలలకే భర్త పాముకాటుతో పోతే, అత్తింటివాళ్లు వెళ్లగొడితే, పుట్టింట్లో ఉండి చదువుకుని ఉద్యోగం చేసిన ఒకామె వీలునామా రాయకుండా చనిపోయింది. ఆమె కష్టార్జితం భర్త వారసులకే వెళ్లాలని 2009లో సుప్రీంకోర్టు తీర్పు. 15వ సెక్షన్ పిల్లల్లేని ఆడమనిషి స్వార్జితాన్ని తల్లిదండ్రుల కంటే ముందు భర్త బంధువులకిస్తుంది. సానుభూతి చట్టాన్ని మార్చలేదన్నారు. నిజమే, మార్చాల్సింది పార్లమెంటు.

ఇక అసలు పెద్ద ఖాళీ మొగుడూ పెళ్లాల మధ్యే ఉంది. పెళ్లి వల్ల ఇద్దరి ఆస్తి కలిసిపోవడం గోవాలో, 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ వల్ల ఉంది. మిగతా దేశంలో దాదాపుగా లేదు. భర్త పేర కొన్న ఇల్లు భర్తదే. విడాకులప్పుడు మనోవర్తి, భరణం, గృహహింస చట్టం కింద ఉండే చోటు వస్తాయి. వాటా రాదు. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే బిల్లు 2013లో రాజ్యసభ దాటింది, 2014లో ఆ లోక్‌సభతోపాటే మురిగిపోయింది. కాలిఫోర్నియా, టెక్సాస్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఉండే మనవాళ్లకు ఇది చిత్రంగా తోస్తుంది. అక్కడ పెళ్లయ్యాక సంపాదించినది మామూలుగా ఇద్దరిదీ. ఒకే దంపతులు డాలస్‌లో కొన్న ఇంట్లో ఇద్దరూ యజమానులు, కూకట్‌పల్లిలో ఒకరి పేర కొన్న ఫ్లాటుకు ఒకరే.

ఈ ఖాళీలో 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక అడుగు వేసింది. భర్త ఏళ్ల తరబడి సౌదీలో ఉద్యోగం చేసి డబ్బు పంపాడు, భార్య ఇక్కడ పిల్లల్ని పెంచి, ఆ డబ్బుతో ఆస్తులు కొంది. అన్నీ నావేనన్నాడు. ఇంటి చాకిరీ కూడా ఆ సంపాదనలో భాగమేనని, కొన్న ఆస్తిలో ఆమెకు సమాన వాటా ఉందని జస్టిస్ కృష్ణన్ రామసామి తీర్పు రాశారు. కోనసీమలో, కడపలో, కరీంనగర్‌లో గల్ఫ్ డబ్బుతో లేచిన ఇళ్లెన్నో. అరబ్బు దేశంలో అతను చెమటోడిస్తే, ఇక్కడ మేస్త్రీతో తగాదాపడి, సిమెంటు బస్తాలు లెక్కబెట్టుకుని, అత్తకు మందులేసి ఇల్లు లేపింది ఆమె. ఒక హైకోర్టు తీర్పు దేశమంతటికీ చట్టం కాదు. తులశమ్మ కేసులో వితంతువుకు దక్కిన ఆ చిన్న మెలిక, "ఇది దయ కాదు, బాకీ" అన్నది, కాపురం చేస్తున్న భార్యకు ఇంకా దక్కలేదు.

ముసలి తల్లిదండ్రుల విషయంలో చట్టం సగం దూరం వచ్చింది. 2007 వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటారన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయొచ్చు. ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు అర్జీ పెడితే చాలు, సివిల్ కోర్టుకెళ్లక్కర్లేదు. పోషణ భత్యం మాత్రం నెలకు పదివేలకు మించదని ఆ చట్టంలోనే పరిమితి. షరతు దస్తావేజులో ఉండాలా, మాటగా ఉంటే సరిపోతుందా అన్నదే చిక్కు. ఉండి తీరాలన్నట్టు 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యప్రదేశ్ తల్లి ఒకామె కేసులో, కొడుకు విడిగా రాసిచ్చిన వచన పత్రాన్ని పరిగణనలోకి తీసుకుని 2025 జనవరిలో దాన దస్తావేజును రద్దు చేసి ఇల్లు ఆమెకు ఇప్పించింది. ఏదో ఒక కాగితం మీద ఆ ముక్క ఉంటే ఆశ ఉంది. అసలు లేకపోతే తండ్రి చేతిలో మిగిలేది కొడుకు మాటే.

అదే లేఖరి బల్ల దగ్గర, చెల్లెలు వెళ్లాక, పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు వచ్చి కూర్చున్నారు. పక్కన కొడుకు, ఫోనులో సర్వే నంబర్లు చూపిస్తున్నాడు. దాన సెటిల్‌మెంటు. లేఖరి కలం ఆపి, కొడుకు వైపు చూడకుండా అడిగాడు: "బాబాయ్ గారూ, మీ ఇద్దరి తిండీ బట్టా వైద్యం చూసేట్టు ఒక లైను రాయమంటారా? చూడకపోతే రద్దు చేసుకునేట్టు?"

పెద్దాయన కొడుకు వైపు చూశారు. కొడుకు ఫోనులోంచి తలెత్తలేదు.

"వాడి ముందు అదేం అడుగుడయ్యా," అన్నారాయన. "రాసెయ్, మామూలుగానే."